సైన్యంలో చేరాలంటే ముందుగా ఇంట్లో చూసుకోవలసినవి

(2025 చివర్లో విజయనగరం జిల్లాలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇంటర్మీడియట్ విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక విశ్రాంత సుబేదార్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, పొలం పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. దేశభక్తి గురించి నేను ఈ రోజు ఏమీ మాట్లాడను. అది మీకు లేదని కాదు, ఉన్నదని తెలుసు కాబట్టే మాట్లాడను. ఈ జిల్లాలో, పక్కనున్న శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా కనీసం ఒక్క ఇంట్లోనైనా పటాలం నుంచి సెలవు మీద వచ్చిన మనిషి కనిపిస్తాడు. కాబట్టి ఉత్సాహం నేను నూరిపోయనక్కరలేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తెల్లవారుజామున లేచి రెండేళ్ళు పరుగెత్తిన కుర్రవాడు, మైదానంలో నెగ్గిన కుర్రవాడు, చివరికి ఒక కాగితం దగ్గరో, ఒక మార్కు దగ్గరో, ఇంట్లోనే తెలుసుకోగలిగిన ఒక చిన్న శరీర లోపం దగ్గరో ఆగిపోతున్నాడు. నా సర్వీసులో కొంతకాలం భర్తీ పనులు చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆగిపోయిన వారిలో చాలామందికి ఆ సంగతి ముందే తెలిసి ఉండవలసింది.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకుందాం. సైన్యంలోకి తలుపు ఒక్కటే కాదు. సిపాయిగా వెళ్ళే తలుపు వేరు, అధికారిగా వెళ్ళే తలుపు వేరు. రెండింటికీ వయసు వేరు, చదువు వేరు, ఎత్తు కూడా వేరు. 2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించిన నాటి నుంచి, కొన్ని ప్రత్యేక విభాగాలను మినహాయిస్తే, సిపాయి స్థాయిలో చేరేవారందరూ నాలుగేళ్ళ ఒప్పందం మీద అగ్నివీర్‌లుగానే చేరుతున్నారు. మీలో ఎక్కువమంది అడిగేది దాని గురించే కాబట్టి ముందు అది చెబుతాను.

2025 నోటిఫికేషన్ ప్రకారం వయసు పదిహేడున్నర సంవత్సరాల నుంచి ఇరవై ఒకటి వరకు. 2022లో మొదటి ఏడాది మాత్రం, కరోనా వల్ల భర్తీ ఆగిపోయిందని, గరిష్ఠ వయసును ఇరవై మూడుకు పెంచారు. అది ఆ ఒక్కసారికే ఇచ్చిన సడలింపు. ఇప్పటికీ కొందరు తండ్రులు నన్ను అడుగుతుంటారు, ‘మా వాడికి ఇరవై రెండు, మేము బీసీలం, సడలింపు ఉంటుంది కదండీ’ అని. ఉండదు. ఇది చాలామందికి తెలియని విషయం. గ్రూప్స్ పరీక్షల్లో, కానిస్టేబుల్ పరీక్షల్లో కులాన్ని బట్టి వయసు సడలింపు చూసి చూసి మనకు అలవాటైపోయింది. సైన్యంలో ఆ రిజర్వేషన్ లేదు, ఆ వయసు సడలింపు లేదు. నోటిఫికేషన్‌లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ మధ్య పుట్టినవారు అని రాస్తారు. ఒక్క రోజు అటు అయినా, ఇటు అయినా దరఖాస్తు చెల్లదు. ఏ తేదీని చూస్తారు? అమ్మ చెప్పిన తేదీని కాదు, పదో తరగతి మెమోలో ఉన్న తేదీని. బడిలో చేర్పించేటప్పుడు మాస్టారు రాసేసిన జూన్ నెల తేదీయే మీ పుట్టినరోజు అనుకోండి. ఇక అభ్యర్థి అవివాహితుడై ఉండాలి. చేరిన తరువాత నాలుగేళ్ళూ పెళ్ళి చేసుకోకూడదు. మేనమామ కూతురిని ఖాయం చేసుకుని కూర్చున్న కుటుంబాలు ఈ సంగతి కూడా మాట్లాడుకోవాలి.

ఇప్పుడు చదువు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే మన పిల్లలు దెబ్బ తినేది ఇక్కడే. జనరల్ డ్యూటీ, అంటే మనవాళ్ళు జీడీ అంటారే, దానికి పదో తరగతి చాలు. అయితే మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులోనూ 33 శాతం ఉండాలి. మార్కులకు బదులు గ్రేడ్లు ఉన్న మెమో అయితే ప్రతి సబ్జెక్టులో కనీసం డీ, మొత్తం మీద సీ2 లేదా 45 శాతానికి సమానమైనది కావాలి. వినడానికి తేలికగానే ఉంది కదా? పదో తరగతి పాసైన వాడికి 33 ఎందుకు ఉండవు అనుకుంటున్నారు కదా? మన రాష్ట్రంలో పదో తరగతి పాసు మార్కు ఎంత? ముప్పై ఐదు. హిందీలో ఎంత? చెప్పండి, గట్టిగా చెప్పండి. ఇరవై! అదీ సంగతి. హిందీలో ఇరవై నాలుగు వచ్చినా మన బోర్డు పాస్ చేస్తుంది, మెమో ఇస్తుంది, ఇంటర్‌లో సీటు ఇస్తుంది. సైన్యం నిబంధన మాత్రం ప్రతి సబ్జెక్టులోనూ 33 అంటుంది. మొత్తం మీద డెబ్బై శాతం వచ్చిన పిల్లవాడు కూడా హిందీ దగ్గర ఇరవైకీ ముప్పై రెండుకీ మధ్య ఉంటే చిక్కులో పడినట్టే. కాబట్టి ఈ రోజు ఇంటికి వెళ్ళగానే ఎవరి మెమో వారు తీసి హిందీ గడి చూసుకోండి. తక్కువ ఉన్నవారు ఊరికే బెంగపడకుండా, దరఖాస్తు చేసే ముందే విశాఖపట్నంలోని ఆర్మీ భర్తీ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. మన ఉత్తరాంధ్ర, గోదావరి, కృష్ణా జిల్లాలు ఆ కార్యాలయం కిందికే వస్తాయి. దక్షిణ కోస్తాలో మిగిలిన జిల్లాలకు, రాయలసీమకు గుంటూరు, తెలంగాణకు సికింద్రాబాద్.

టెక్నికల్ విభాగానికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లీషు ఉండి, మొత్తం 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 శాతం రావాలి. పదో తరగతి తరువాత ఐటీఐ గానీ డిప్లొమా గానీ చేసినవారికి కూడా ఇందులో దారి ఉంది. క్లర్కు, స్టోర్‌కీపర్ విభాగానికి ఏ గ్రూపైనా పరవాలేదు గానీ మొత్తం 60 శాతం, ఒక్కో సబ్జెక్టులో 50 శాతం ఉండాలి. ఇంగ్లీషులోనూ, లెక్కల్లో లేదా అకౌంట్స్‌లోనూ 50 తప్పనిసరి. దీనికి టైపింగ్ పరీక్ష కూడా పెడుతున్నారు. ట్రేడ్స్‌మన్ పోస్టుల్లో చాలావాటికి పదో తరగతి పాసు, హౌస్ కీపర్, మెస్ కీపర్ పనులకు ఎనిమిదో తరగతి చాలు. అక్కడ కూడా ప్రతి సబ్జెక్టులో 33 ఉండాలని మరచిపోకండి.

ఎత్తు సంగతికి వద్దాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అభ్యర్థులకు జనరల్ డ్యూటీకి, ట్రేడ్స్‌మన్‌కు 166 సెంటీమీటర్లు, టెక్నికల్‌కు 165, క్లర్కుకు 162. ఛాతీ చాలా విభాగాలకు 77 సెంటీమీటర్లు ఉండి, ఊపిరి పీల్చినప్పుడు మరో 5 సెంటీమీటర్లు పెరగాలి. బరువు ఎత్తును, వయసును బట్టి ఉంటుంది. గిరిజన ప్రాంతాల ఎస్టీ అభ్యర్థులకు ఎత్తు 162 దగ్గరే ఆగుతుంది. పార్వతీపురం, పాడేరు వైపు నుంచి వచ్చిన పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. మాజీ సైనికుల కుమారులకు ఎత్తులో 2 సెంటీమీటర్లు, ఛాతీలో 1 సెంటీమీటరు, బరువులో 2 కిలోల సడలింపు ఉంటుంది. ఇంతకూ మీ ఎత్తు మీకు తెలుసా? అడుగులు, అంగుళాలు చెప్పకండి, సెంటీమీటర్లలో చెప్పండి. ‘ఐదున్నర ఉంటానండీ’ అంటాడు కుర్రవాడు. ఐదడుగుల ఆరంగుళాలు అంటే 167 సెంటీమీటర్ల పైచిలుకు, మంచిదే. కానీ చెప్పులతో కొలిచావా, చెప్పులు లేకుండా కొలిచావా? గోడకు మడమలు ఆనించి, ఉత్త కాళ్ళతో నిలబడితే చాలామందిలో ఒక సెంటీమీటరు కరిగిపోతుంది. ఎత్తు పెంచుతామని ఫోనులో ప్రకటనలు ఇచ్చే పొడులకు, మాత్రలకు దయచేసి డబ్బు తగలేయకండి.

ఎత్తు తక్కువైతే అంతా అయిపోయినట్టేనా? కాదు. నౌకాదళంలో అగ్నివీర్‌కు 157 సెంటీమీటర్లు చాలు, వాయుసేనలో 152 చాలు. చిత్రమేమిటంటే, సైన్యంలో అధికారిగా చేరే మగపిల్లవాడికి కూడా 157 దగ్గరే ఎత్తు సరిపోతుంది. సిపాయికి కావలసిన ఎత్తు లేనివాడు అధికారి కావచ్చునన్నమాట! ఇది తెలియక 163 సెంటీమీటర్ల కుర్రవాడు ఇంటర్‌లో తొంభై శాతం మార్కులు పెట్టుకుని, జీడీ కోసం రోజూ రోడ్డు మీద పరుగెత్తుతూ ఉంటాడు. ఎవరు చెప్పాలి అతనికి?

ఇంతకుముందు ర్యాలీ, అంటే మైదానంలో పరుగు, శరీర పరీక్షలు, ముందు ఉండేది, రాత పరీక్ష తరువాత ఉండేది. 2023 నుంచి ఆ వరుస మారింది. ఇప్పుడు ముందు కంప్యూటర్ మీద ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో నెగ్గినవారినే ర్యాలీకి పిలుస్తారు. అంటే పుస్తకం పట్టుకోని వాడు మైదానం గేటు దాకా కూడా రాలేడు. జీడీకి గంటలో యాభై ప్రశ్నలు, వంద మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. 2025 నుంచి ఈ పరీక్ష తెలుగులో కూడా రాయవచ్చు. ఇది చిన్న మార్పు కాదు. ప్రశ్న అర్థం కాక ఓడిపోయిన అన్నలు మీ ఊళ్ళోనే ఉంటారు, అడగండి.

ర్యాలీలో పరుగు 1.6 కిలోమీటర్లు. ఐదు నిమిషాల ముప్పై సెకన్లలోపు వస్తే అరవై మార్కులు, ఐదు నలభై ఐదు లోపు అయితే నలభై ఎనిమిది. 2025లో ఆ తరువాత వచ్చినవారికి కూడా ఆరు నిమిషాల పదిహేను సెకన్ల దాకా అవకాశం ఇచ్చి, తక్కువ మార్కులు వేశారు. బీమ్ మీద పది పుల్‌అప్స్ తీస్తే నలభై మార్కులు, ఆరు తీస్తే పదహారు. తొమ్మిది అడుగుల కందకం దూకాలి, వంకర దిమ్మె మీద తూలకుండా నడవాలి, వీటిలో నెగ్గితే చాలు, మార్కులు ఉండవు. పరుగు గురించి ఇంతకంటే నేను చెప్పనక్కరలేదు, మీ వ్యాయామ ఉపాధ్యాయులు నాకన్నా బాగా చెబుతారు. ఒక్కటి మాత్రం చెప్పాలి. అలసట తెలియకుండా ఉంటుందని ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్, మాత్ర తీసుకుని వెళ్ళకండి. అక్కడ పట్టుబడితే ఇన్నాళ్ళ కష్టమూ ఆ పూటతో పోతుంది.

వైద్య పరీక్ష. ఇది రహస్యం కాదు, అదృష్టం కాదు. దాదాపు అన్నీ ముందే తెలుసుకోదగినవే. స్నానం చేసి తడి కాలితో గచ్చు మీద నిలబడి, అడుగు తీసి ముద్ర చూడండి. మడమకూ వేళ్ళకూ మధ్య లోపలి వైపు వంపు పడాలి. అడుగు మొత్తం పలకలాగా పడితే అది చదును పాదం కావచ్చు, వైద్యునికి చూపించండి. రెండు మోకాళ్ళూ ఆనించి నిలబడినప్పుడు మడమలు ఒకదానికొకటి తగలకుండా దూరంగా ఉండిపోతున్నాయా? అదీ చూపించండి. పిక్కల మీద నీలం రంగు నరాలు మెలికలు తిరిగి ఉబ్బి ఉన్నాయా? రంగులు సరిగా కనిపిస్తున్నాయా? ఎరుపు, ఆకుపచ్చ చుక్కల మధ్య దాగిన అంకెలు చదివించే పుస్తకం ఒకటి ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో ఉంటుంది. ఆ పరీక్షకు పది నిమిషాలు చాలు. వర్ణాంధత్వం ఉన్నదని పదిహేడేళ్ళకే తెలిస్తే పిల్లవాడు వేరే దారి చూసుకుంటాడు. ఇరవై ఏళ్ళకు, అన్నీ నెగ్గిన తరువాత తెలిస్తే ఏం చేస్తాడు?

మరికొన్ని సిగ్గుపడి దాచేవి ఉంటాయి. మొలలు, వరిబీజం. ఇక్కడ అమ్మలు ఉన్నారని నేను కూడా గొంతు తగ్గిస్తే లాభం లేదు. ఇవి నయం చేయించుకోదగినవి. కానీ శస్త్రచికిత్స చేయించుకుంటే గాయం పూర్తిగా మానడానికి వ్యవధి కావాలి, ర్యాలీకి పది రోజుల ముందు పరుగెత్తుకు వెళ్ళే పని కాదు. చెవిలో గులిమి తీయించుకుని వెళ్ళండి, అది అడ్డుంటే కర్ణభేరిని చూడటం కుదరదు. ఇక పచ్చబొట్లు. మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు, అరచేతి వెనుక వైపు ఉంటే అనుమతిస్తారు. భుజం మీద అభిమాన హీరో పేరు, మెడ మీద ఇంకెవరిదో పేరు ఉంటే అనుమతించరు. గిరిజన సంప్రదాయం ప్రకారం పొడిపించుకున్న వాటికి వేరే నియమం ఉంది. నవ్వకండి, సినిమా విడుదల రోజు ఉత్సాహంలో పొడిపించుకున్నది సర్వీసు మొత్తానికి అడ్డు వస్తుంది.

కాగితాల దగ్గరకు వచ్చేసరికి తల్లిదండ్రులు వినాలి. మన తెలుగువాళ్ళకు ఉన్న ఇబ్బంది మిగతా రాష్ట్రాల వారికి అంతగా ఉండదు. మన ఇంటిపేరు ఒకచోట ముందు ఉంటుంది, ఒకచోట వెనుక ఉంటుంది, ఒకచోట ఒక్క అక్షరమై పోతుంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా రాసి ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అసలే ఉండదు. తండ్రి పేరు మెమోలో ‘అప్పలనాయుడు’, ఆధార్‌లో ‘అప్పల నాయుడు’, రేషన్ కార్డులో ‘అప్పన్న’. మనకు ముగ్గురూ ఒక్కరే. కాగితం చూసే వాడికి ముగ్గురు మనుషులు. కాబట్టి పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని, ఆధార్‌ను దానికి సరిపోయేలా ముందే మార్పించండి. ఆధార్ కేంద్రంలో వరుసలు ఎలా ఉంటాయో మీకు తెలుసు, నోటిఫికేషన్ వచ్చాక వెళితే పని జరగదు.

నేటివిటీ, కుల ధ్రువీకరణ పత్రాలు రెవెన్యూ శాఖ ఇచ్చినవి కావాలి. చదివిన బడి నుంచి, కాలేజీ నుంచి ప్రవర్తన పత్రం కావాలి. గ్రామ సర్పంచ్ ఫొటోతో సహా ఇచ్చే ప్రవర్తన పత్రం, అవివాహితుడన్న పత్రం కావాలి. నోటరీ చేయించిన అఫిడవిట్ కావాలి. ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉంటే అదనపు మార్కులు కలుస్తాయి కాబట్టి అదీ జాగ్రత్త. అన్నీ ఒరిజినల్స్ చూపించాలి. ఒరిజినల్స్ ఎక్కడున్నాయి? మీలో సగం మందివి కాలేజీ బీరువాలో ఉన్నాయి, ఫీజు బాకీ ఉన్నదని. ఆ బాకీ సంగతి ర్యాలీ తేదీ వచ్చే దాకా వాయిదా వేయకండి.

ఇంకొక మాట. చేరేముందు మీ పూర్వాపరాల గురించి పోలీసు విచారణ జరుగుతుంది. కొట్లాటలో కేసు, ఊరేగింపులో కేసు, ధర్నాలో కేసు, ఏదైనా కేసే. 2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా జరిగిన అల్లర్లు మీకు గుర్తుండే ఉంటాయి. వాళ్ళు ఎవరు? సైన్యంలో చేరాలని ఏళ్ళ తరబడి తయారైన పిల్లలే. పరుగులో నెగ్గి, పరీక్ష కోసం ఎదురుచూస్తున్న వారు కూడా వారిలో ఉన్నారు. ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తరువాత సైన్యాధికారులు, ఆందోళనల్లో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ రాసి ఇవ్వాలని, పోలీసు విచారణ ఉంటుందని ప్రకటించారు. ఆ పిల్లల ఆవేదన అబద్ధమని నేను అనను. కానీ కేసు పడితే దారి మూసుకుపోతుంది.

ఇప్పుడు పెద్దవాళ్ళు మనసులో పెట్టుకున్న ప్రశ్న. నాలుగేళ్ళ తరువాత ఏమిటి? ఈ పథకం మంచిదా చెడ్డదా అని నేను తీర్పు చెప్పను, లెక్క చెబుతాను. మొదటి ఏడాది నెలకు 30 వేలు, రెండో ఏడాది 33 వేలు, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40 వేలు. అందులో ముప్పై శాతం, నాలుగేళ్ళ చివర ఒకేసారి చేతికిచ్చే సేవా నిధికి పోతుంది, అంటే మొదటి ఏడాది చేతికి వచ్చేది 21 వేలు, చివరి ఏడాది 28 వేలు. మీ వాటాకు సమానంగా ప్రభుత్వం వేస్తుంది. నాలుగేళ్ళు పూర్తయ్యాక వడ్డీతో కలిపి సుమారు 11 లక్షల 71 వేలు వస్తుంది, దానికి ఆదాయపు పన్ను లేదు. వంద మందిలో పాతిక మంది వరకు ప్రతిభను బట్టి మరో పదిహేనేళ్ళు కొనసాగవచ్చు. మిగిలిన డెబ్బై ఐదు మందికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. వారికి కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో పది శాతం రిజర్వేషన్‌ను 2022లోనే ప్రకటించారు. సర్వీసులో ఉండగా 48 లక్షల బీమా ఉంటుంది, దానికి జీతం నుంచి ఏమీ కోయరు. విధి నిర్వహణలో ప్రాణం పోతే అదనంగా 44 లక్షలు ఇస్తారు, మిగిలిన సర్వీసు కాలానికి జీతం కూడా కుటుంబానికే చెందుతుంది. మన శ్రీ సత్యసాయి జిల్లా బిడ్డ మురళీ నాయక్ అగ్నివీర్‌గానే 2025 మే నెలలో జమ్మూ కశ్మీర్ సరిహద్దులో ప్రాణం ఇచ్చాడు. ఇది మనకు దూరపు సంగతి కాదు. ఇవన్నీ తెలిసి పంపండి, తెలిసి వెళ్ళండి.

ఆడపిల్లలు వెనుక నుంచి చాలాసేపటిగా చూస్తున్నారు, మా సంగతేమిటని. సిపాయి స్థాయిలో మీకు మిలిటరీ పోలీసు విభాగంలో జనరల్ డ్యూటీ ఉంది. ఎత్తు 162 సెంటీమీటర్లు, పరుగు అదే 1.6 కిలోమీటర్లు, ఏడు నిమిషాల ముప్పై సెకన్లలో వస్తే మొదటి గ్రూపు, ఎనిమిది నిమిషాలలో వస్తే రెండో గ్రూపు. పది అడుగుల లాంగ్ జంప్, మూడు అడుగుల హై జంప్ ఉంటాయి. ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ, అందుకే దీని ఒక్కదాని మీదే ఆధారపడవద్దంటాను. 2021లో సుప్రీంకోర్టు ఆదేశం తరువాత అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) తలుపులు ఆడపిల్లలకు తెరుచుకున్నాయి. మొదటి బ్యాచ్‌లో పదిహేడు మంది 2025 మేలో ఆ అకాడమీ ఉన్న ఖడక్‌వాస్లా నుంచి శిక్షణ పూర్తి చేసుకుని బయటికి వచ్చారు. ఎంపీసీ చదివే ఆడపిల్లలూ, విన్నారు కదా?

ఎంపీసీ చదివే పిల్లలందరికీ కూడా అదే చెబుతున్నాను. ఎన్‌డీఏ పరీక్షను యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర, ఇంటర్ రెండో ఏడాది చదువుతూ ఉండగానే రాయవచ్చు. లెక్కలకు 300 మార్కులు, ఇంగ్లీషు, సైన్సు, సామాన్య విజ్ఞానం కలిపి 600. ఆ తరువాత అధికారులను ఎంపిక చేసే బోర్డు, అంటే ఎస్‌ఎస్‌బీ, ఇంటర్వ్యూకు మరో 900. ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులు నడుస్తుంది, అక్కడ మీ మార్కులను కాదు, మీరు మనుషులతో ఎలా మెలుగుతారో చూస్తారు. మన పిల్లలు భయపడేది ఇంగ్లీషుకు. రోజూ పది నిమిషాలు నిలబడి ఏదో ఒక విషయం మీద ఇంగ్లీషులో మాట్లాడండి, తప్పులు వచ్చినా మాట్లాడండి. గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణాలర్పించిన కర్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట, ఆయన చదివింది మన కోరుకొండ సైనిక్ స్కూలులో, ఇక్కడికి దగ్గరలోనే. ఎన్‌డీఏ దాటిపోయినవారికి డిగ్రీ తరువాత సీడీఎస్ పరీక్ష ఉంది, బీటెక్ చేసినవారికి టెక్నికల్ ప్రవేశాలు ఉన్నాయి. ఈ దారుల్లో వచ్చేది నాలుగేళ్ళ ఒప్పందం కాదు, అధికారి హోదా.

చివరగా దళారుల సంగతి. దరఖాస్తు సైన్యం వెబ్‌సైటులోనే చేయాలి, అభ్యర్థి కట్టవలసింది 250 రూపాయలు మాత్రమే. ‘లోపల మనవాడున్నాడు, మూడు లక్షలు ఇస్తే పని అవుతుంది’ అనేవాడు ఏం చేస్తాడో తెలుసా? పది మంది దగ్గర తీసుకుంటాడు. అందులో ఇద్దరు తమ కష్టంతోనే నెగ్గుతారు, ఆ ఇద్దరి డబ్బు ఉంచేసుకుని మిగతా వారికి కొంత కొంత తిరిగి ఇస్తాడు. వాడు చేసింది ఏమీ లేదు. శిక్షణ అకాడమీలో చేరితే చేరండి, తప్పులేదు. ఒరిజినల్ మెమోలు మాత్రం వారి చేతిలో పెట్టకండి. ‘ఎంపికయ్యాక లక్ష ఇస్తేనే మెమో ఇస్తాం’ అనే మాట మీకు ఎదురుకాకూడదు.

2023 నుంచి నోటిఫికేషన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. కాబట్టి సంక్రాంతి లోపల ఆధార్ సవరణ, బ్యాంకు ఖాతా, ఫీజు బాకీ, కంటి పరీక్ష, పంటి పరీక్ష పూర్తి చేసుకోండి. నోటిఫికేషన్ ప్రతి ఏటా కొంత మారుతుంది, నేను చెప్పిన అంకెలను ఆ రోజు దానితో మరోసారి సరిచూసుకోండి. సర్పంచ్ ఇచ్చే పత్రాలు మాత్రం ఇప్పుడే తీసుకోకండి, అవి ర్యాలీ నాటికి ఆరు నెలల లోపువి అయి ఉండాలి. పరీక్షలో నెగ్గిన తరువాత తీసుకుంటే సరిపోతుంది, ఫొటో అంటించిన తరువాత దాని మీద ముద్ర పడేలా వేయించుకోండి.